బోణీ కాని రోజులు ఏవి?

కృష్ణ ఒడ్డున గాలం వేసే సంఘం ఒకటి తన పాతికేళ్ల పండుగకు ప్రత్యేక సంచిక తెచ్చింది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు గాలం ముట్టుకున్న ప్రతివాళ్ల ఫోనులోకీ అది ఈపాటికి వచ్చే ఉంటుంది. నలభై పేజీలు. ముందు అధ్యక్ష కార్యదర్శుల వరుస, తర్వాత శాలువాలు, ఆ తర్వాత చివరిదాకా చేపలు. రెండు చేతులా ఎత్తిపట్టిన వాలుగ, భుజాన వేసుకున్న బొచ్చె, నేలమీద వరసగా పేర్చిన జెల్లలు. ఒక్కో ఫొటో కింద పట్టినాయన పేరు, తూకం, సంవత్సరం. పైన మాత్రం సంఘం చరిత్రతో పాటు ఏటి చరిత్ర కూడా చెప్తున్నామని రాశారు.

మొదటిది నిజమే. రెండోది అందులో లేదని నా వాదన.

మట్టపల్లి రేవులో పుట్టి పడవ నడిపే ఒక పెద్దాయనకు ఎవరో ఈ సంచికను ఫోనులోనే చూపించారు. ఆయన ఒక్కో బొమ్మా వేలితో జరిపి చివరిదాకా చూసి, ఒక్క మాటే అడిగాడట. "మంచిగున్నయ్ సారూ. ఎన్ని దినాలకు వడ్డయ్ ఇవన్నీ?"

ఆ ప్రశ్నకు నలభై పేజీల్లో ఎక్కడా జవాబు లేదు. పాతికేళ్లంటే 1,300 ఆదివారాలు. సంచికలో ఉన్న చేపలు అరవైకి అటూ ఇటూ. మిగతా ఆదివారాలు ఏమయ్యాయి? తెల్లారకముందే ఎర కలుపుకొని పోయి, ఎండెక్కేదాకా కూర్చుని, బోణీ కాకుండా ఇంటికి వచ్చిన రోజులు ఎన్ని? మొదటి ఐదేళ్లలో ఎన్ని, చివరి ఐదేళ్లలో ఎన్ని? ఏరు ఎటు పోతోందో చెప్పేది ఆ లెక్క. పెద్ద చేప ఫొటో ఒక మనిషికి ఒక రోజు కలిసొచ్చిన సంగతి మాత్రమే చెప్తుంది.

కావేరి ఒడ్డున రాసిన పుస్తకం

ఇది ఊహ మీద చెప్తున్న మాట కాదు. కర్ణాటకలో కావేరి మీద గాలిబోరె అనే చోట మహశీర్ చేప కోసం గాలం క్యాంపు నడిచేది. పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయడం అక్కడి పద్ధతి. క్యాంపువాళ్లు చేసిన గొప్ప పని మరొకటుంది. వచ్చినవాళ్లు ఎన్ని గంటలు గాలం వేశారో, ఎన్ని చేపలు పడ్డాయో, ఒక్కోటి ఎంత తూగిందో పుస్తకంలో ఎక్కిస్తూ పోయారు. 1998 నుంచి 2012 దాకా అది సాగింది. మొత్తం 23,620 గంటలు. 6,161 చేపలు. అందులో చిన్నది 450 గ్రాములు, పెద్దది 46.8 కిలోలు.

భాగించి చూడండి. దాదాపు నాలుగు గంటలు కూర్చుంటే ఒక చేప. మిగతా సమయమంతా ఉత్త నీళ్లు చూడటమే. ఆ ఉత్త గంటలను కూడా ఓపికగా రాశారు కాబట్టే 2015లో పరిశోధకులు ఆ పుస్తకాలను ముందేసుకుని ఏటి కథ చెప్పగలిగారు. గంటకు పడే చేపల సంఖ్య ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది. సగటు బరువు తగ్గింది. ఇంకొంచెం లోపలికి చూస్తే అసలు సంగతి బయటపడింది. కావేరికే సొంతమైన మూపురం మహశీర్ దాదాపు కనిపించకుండా పోయింది, దాని చోటును నీలిరెక్కల మహశీర్ ఆక్రమించింది. సంఖ్య మాత్రమే చూసుకుని ఉంటే చేపలు పెరిగాయని అందరూ సంతోషించేవాళ్లు. రకం కూడా రాశారు కాబట్టి ఒక జాతి కళ్లముందే పోతోందని తెలిసింది. 2018లో ఆ మూపురం చేప శాస్త్రీయ నామం టోర్ రెమాదేవీ అని తేల్చారు. అదే ఏడు అది అంతరించిపోయే అంచున ఉన్నవాటి జాబితాలోకి ఎక్కింది.

మనవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కావేరిని ఆక్రమించిన ఆ నీలిరెక్కల చేప, టోర్ ఖుద్రీ, ఎక్కడిది? 1839లో సైక్స్ అనే ఆయన దాన్ని మొదటిసారి వర్ణించింది పుణె దగ్గరి మూళా ముఠా నదిలో. ఆ నీళ్లు భీమలో కలుస్తాయి, భీమ మన తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే అది మన ఏటి కుటుంబం చేప. లోనావాలాలో టాటావాళ్ల పెంపక కేంద్రంలో దాని పిల్లలను పెంచి దేశంలో పలు నదుల్లోకి వదిలారు. ఏ చేపను ఏ ఏట్లో వదిలితే ఏమవుతుందో ఒడ్డున కూర్చుని గాలం వేసినవాళ్ల పుస్తకం వల్ల తెలిసింది. కృష్ణమీద గాలం వేసే మన సంఘాలు దీన్ని పక్కింటివాళ్ల సంగతిగా చదవకూడదు.

నాలుగు నీళ్లు

తంగిడి నుంచి మట్టపల్లి దాకా కృష్ణ పేరుకు ఒకటే ఏరు. గాలం వేసేవాళ్లకు అది ఇప్పుడు వరసగా పేర్చిన చెరువులు, వాటి నడుమ మిగిలిన కొన్ని ఏటి ముక్కలు. 1955 డిసెంబరు 10న సాగర్‌కు పునాదిరాయి పడింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఏలేశ్వరం నీళ్ల కిందికి పోయింది. 1980లలో శ్రీశైలం నిండింది, కూడవెల్లి సంగమేశ్వరుణ్ని అలంపూరుకు తరలించారు, సోమశిల గుడులు గట్టుమీదికి ఎక్కాయి. 1990లలో జూరాల వచ్చింది. 2013లో పులిచింతల మొదలయ్యాక మట్టపల్లి గుడికి కరకట్టే కాపలా అయింది.

ఒక్కో ఆనకట్టతో చేపల వరస మారుతుంది. వడిగా పారే నీళ్లలో బండల సందున బతికే చేప నిలిచిన నీళ్లలో ఉండదు. నిలిచిన నీళ్లలో బొచ్చె పెరుగుతుంది, జిలేబి (తిలాపియా) గుంపులు కడుతుంది. మలుగుపాము సంగతి మరీ కష్టం. అది గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్లలు ఏటికి ఎదురెక్కి వచ్చి మంచినీళ్లలో ఏళ్ల తరబడి పెరుగుతాయి. దారిలో ఒక్కో గోడా లేచాక ఎగువన గాలానికి అది తగలడం ఎట్లా తగ్గుతూ వచ్చిందో చెప్పగలిగేవాళ్లు పుట్టి నడిపిన ముసలివాళ్లే. వాళ్ల మాట కాగితం మీదికి ఎక్కలేదు.

జ్ఞాపకం ఉంది కదా, పుస్తకం ఎందుకు అనేవాళ్లకు ఒక మాట. జ్ఞాపకం ఎప్పుడూ తను చూసిన మొదటి రోజు నుంచే మొదలవుతుంది. శ్రీశైలం నిండకముందు సోమశిల దగ్గర గాలం వేసిన మనిషికి మంచి రోజు అంటే ఒకటి. 2009 అక్టోబరు వరదలో అలంపూరు, రాజోలి మునిగిన తర్వాత గాలం పట్టిన కుర్రాడికి మంచి రోజు అంటే మరొకటి. ఇద్దరూ "మా కాలంలో బాగా పడేవి" అనే అంటారు. ఇద్దరూ నిజమే చెప్తారు. కానీ ఆ రెండు "బాగా"ల మధ్య తేడా ఎంతో నోటిమాటలో తేలదు.

ఇంకోటి కూడా రాసుకోవాలి. శ్రీశైలం దిగువ నుంచి సాగర్ వెనక నీళ్ల దాకా మన వైపు ఒడ్డులో చాలా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ గాలం వేయకూడదు. గాలిబోరె పుస్తకం 2012లో ఆగిపోయింది కూడా అభయారణ్యంలో గాలం వద్దన్నందుకే. కాబట్టి మన పుస్తకంలో ఏ హద్దు నుంచి ఏ హద్దు దాకా మన నీళ్లో మొదటి పేజీలోనే గీత గీసుకోవాలి.

పేజీలో ఏం ఉండాలి

సాదా రూళ్ల పుస్తకం చాలు. పెన్ను వద్దు, పెన్సిలు కావాలి. తడి చేతికి సిరా కారిపోతుంది. ఒక రోజు రాత ఇట్లా ఉంటే సరిపోతుంది: "వాడపల్లి సంగమం, మూసీ వైపు ఒడ్డు. పొద్దున 6 నుంచి 11. ఇద్దరం, మూడు కట్టెలు, 15 కట్టె గంటలు. నీళ్లు మసక, మూత 40 సెంటీమీటర్లకు కనిపించలేదు. ఒడ్డున పాతిన పుల్ల దగ్గర జానెడు పెరిగినయ్. దారం 0.30 మి.మీ., గాలం 6 నంబరు, ఒంటి గాలం, ఎర్రలు. జెల్ల 2, పొడవు 31, 28 సెం.మీ. పరకలు 7. తెగింది 1. పరకలు వదిలినం."

ఇందులో అన్నిటికన్నా విలువైన మాట "15 కట్టె గంటలు". ఎంతమంది అన్నది కాదు, ఎన్ని గాలం కట్టెలు నీళ్లలో ఎన్ని గంటలు ఉన్నాయన్నది లెక్క. మూడు కట్టెలు ఐదు గంటలంటే పదిహేను. మధ్యలో అన్నం తినడానికి కట్టెలు పైకి తీస్తే ఆ గంట కొట్టేయాలి. ఏమీ పడకపోతే ఆ పదిహేను పక్కన సున్నా పెట్టాలి. సున్నా పెట్టడానికి చెయ్యి రాదు, అదొక్కటే ఇందులో కష్టం.

మూత అన్నది ఏమిటంటే, తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూతకు అడుగున సీసం గుండు కట్టి, ముడులు వేసిన తాడుతో నీళ్లలోకి దించడం. ఎంత లోతుకు కనిపించకుండా పోతుందో అది నీటి తేట. మోకాలి లోతు దిగి కాలివేళ్లు చూసుకునే పాత పద్ధతి జూరాల కింద, బీచుపల్లి దగ్గర వద్దు, అక్కడ మొసళ్లున్నాయి. సాగర్, శ్రీశైలం నీటిమట్టాలు రోజూ పేపర్లో అడుగుల్లో వస్తాయి. ఒకటి 590కి నిండు, మరొకటి 885కి. ఆ రోజు అంకెను ఎత్తి పేజీ మూలన వేసుకోవాలి. సాగర్ దిగువన గాలం వేసేవాళ్లకు ఒడ్డున పుల్ల పాతడం ప్రాణరక్షణ కూడా. కరెంటు కోసం నీళ్లు వదిలినప్పుడు బండమీద కూర్చున్నవాళ్లకు చప్పుడు వినిపించేలోపే వెనక పాయ నిండుతుంది. పుల్ల తడిసిందంటే సామాను సర్దుకోవాల్సిందే.

తూకం కంటే పొడవు రాయడం మేలు. స్ప్రింగు త్రాసులు ఏడాదికే సాగుతాయి. లీటరు నీళ్ల సీసా తగిలించి చూస్తే అది ఎంత తప్పు చెప్తోందో తెలుస్తుంది. పొడవుకు అంత ఇబ్బంది లేదు. కట్టె మొదట్లో ఇంచీ టేపు అంటించుకుంటే ముక్కు నుంచి తోక చీలిక దాకా ఒక్క చూపులో కొలవొచ్చు, చేప నీళ్ల బయట ఉండే సమయమూ తగ్గుతుంది. పొడవు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుందన్నది గుర్తుంటే చాలా గొప్పల గుట్టు విడిపోతుంది. పొడవును నాలుగో వంతు పెంచి చెప్తే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. ఫొటోలో చేతులు ముందుకు చాచినప్పుడు జరిగేది అదే.

స్ప్రింగు వచ్చిన ఏడు

గాలం సామాను ఎందుకు రాయాలో చెప్పడానికి స్ప్రింగు ఒక్కటి చాలు. నల్లగొండ పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఏ ఆదివారమైనా చూడండి, పదిమందిలో ఎక్కువమంది చేతిలో ఉండేది అదే. బొటనవేలంత ఇనుప తీగ చుట్ట, దానికి వేలాడే నాలుగు నుంచి ఆరు చిన్న గాలాలు, ఒక్కోదానికీ రెండంగుళాల అల్లిక దారం. చుట్ట చుట్టూ పిండి ముద్ద అద్ది, గాలాల మొనలు అందులోకి గుచ్చి విసురుతారు. పిండిలో రెండు పాళ్లు తవుడు, ఒక పాలు పల్లిచెక్క పొడి, పట్టు కోసం పిడికెడు మైదా. కలిపిన ముద్దను ముందు బకెట్లో వేసి చూడాలి. ఐదు నిమిషాలకు అంచులు విచ్చుకుని, పదిహేను ఇరవై నిమిషాలకు పూర్తిగా కరిగిపోతే సరైన ముద్ద. విసిరినప్పుడే రాలిపోతే నీళ్లు తక్కువైనట్టు. అరగంటైనా రాయిలా ఉంటే మైదా ఎక్కువైనట్టు, చేప నాకి పోతుంది.

బొచ్చె, రవ్వ మూతి ముందుకు సాచి పిండిని పీల్చుకుంటాయి, పిండితో పాటు గాలం లోపలికి పోతుంది. ఇదివరకు ఒంటి గాలంతో ఐదు గంటలు కూర్చున్నవాళ్లకు ఒకటి పడితే, స్ప్రింగుతో రెండో మూడో పడొచ్చు. సంఘం సభ్యులంతా ఒంటి గాలం వదిలి స్ప్రింగు అందుకున్న ఏడు గంటకు పడే చేపల లెక్క ఒక్కసారిగా ఎగురుతుంది. సామాను సంగతి రాయకపోతే ఆ ఎగురు చూసి ఏట్లో చేపలు పెరిగాయని పొరపాటు పడతాం. గాలం నంబరు కూడా అందుకే. 10 నంబరు చిన్నది, 6 దానికన్నా పెద్దది, 1 ఇంకా పెద్దది. ఒకటి దాటాక సున్నాల లెక్క మొదలవుతుంది, అక్కడ అంకె పెరిగితే గాలమూ పెరుగుతుంది. పెద్ద గాలం వేసినవాడికి పరక పడదు, అంతమాత్రాన పరకలు లేవని కాదు.

స్ప్రింగు మీద నాకు ఇంకో ఫిర్యాదుంది. ఒక గాలం పెదవికి దిగాక చేప గింజుకుంటుంటే మిగతా ఐదూ ఊరుకోవు. ఒకటి కంటికి, ఒకటి మొప్పకు, ఒకటి కడుపుకు గుచ్చుకుంటుంది. చేపను వండుకునేవాళ్లకు అది పట్టింపు కాకపోవచ్చు. "పట్టి వదిలేస్తాం" అని జెండా మీద రాసుకున్న సంఘం మాత్రం స్ప్రింగు వాడకూడదు. కన్ను పోయిన చేపను వదిలి ఫొటో దిగడం వదలడం కాదు. ఒంటి గాలం తీసుకుని, పక్కముల్లును పట్టకారుతో నొక్కేస్తే దారం బిగువుగా ఉన్నంతసేపూ చేప నిలుస్తుంది, వదిలేటప్పుడు వేలి కొసతోనే ఊడొస్తుంది. పుస్తకంలో చేప పక్కన "పెదవి", "లోపల", "బయట" అని ఒక్క మాట రాస్తే ఎవరు ఎట్లా పడుతున్నారో ఏడాది తిరిగేసరికి తెలిసిపోతుంది.

వాలుగ దగ్గరికొస్తే "తెగింది" అన్న మాటకు విలువుంది. దాని నోరు కంటి వెనకదాకా చీలి ఉంటుంది, లోపల వరసలు వరసలుగా పళ్లు. మొన దగ్గర జానెడు ఉక్కు తీగ లేకపోతే ఎంత లావు దారమైనా అరిగి తెగుతుంది. వాలుగ ఇప్పుడు ప్రపంచ స్థాయిలో ముప్పున్న చేపల పట్టీలో ఉంది. కాబట్టి సంచికలో దాని ఫొటోలు ఎన్ని వేశామన్నదానికన్నా ఏ ఏడు ఎన్ని కట్టె గంటలకు ఒకటి తగిలిందన్నది ముఖ్యం. తెగిపోయినదానికి బరువు మాత్రం కట్టొద్దు, అది ఎప్పుడూ పది కిలోలే అవుతుంది.

అబద్ధాలు, జాగలు

గాలం వేసేవాళ్లు రాసిన లెక్కను ఎవరు నమ్ముతారు అన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే. అయితే అబద్ధం ఎక్కువగా పెద్ద చేప బరువు దగ్గర పుడుతుంది. ఒడ్డు దిగకముందే, పక్కవాళ్ల ఎదుట, టేపు మీద చూసి రాసే పద్ధతి పెడితే దానికి చోటు తక్కువ. ఇంటికి పోయాక రాసిన రాతను వేరే రంగు పెన్సిలుతో గుర్తు పెట్టాలి.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మనం చేపలున్న చోటికే పోతాం. ఏరు ఎండుతున్నప్పుడు చేపలన్నీ మిగిలిన మడుగులోకి చేరతాయి, మనమూ అక్కడికే చేరతాం. గంటకు పడే చేపలు తగ్గకపోగా పెరుగుతాయి, అదే సమయంలో ఏరు ఖాళీ అవుతూ ఉంటుంది. 2015-16లో సాగర్ అడుగంటినప్పుడు ఇట్లాంటి లెక్కను చూసి మురిసిపోతే అంతకన్నా మోసం లేదు. దీనికి నాకు తోచిన మందు ఒకటే. కదలని జాగలు నాలుగైదు పెట్టుకోవాలి. పడ్డా పడకపోయినా నెలకు ఒక ఆదివారం అదే జాగలో, అదే గాలంతో, అదే ఎరతో, అన్నే గంటలు వేయాలి. ఆ రోజు వేట సరదా కోసం కాదు. మిగతా మూడు ఆదివారాలు ఎవరిష్టం వాళ్లది. ఇది పూర్తి మందు కాదని నాకూ తెలుసు. గాలానికి ఆశపడే చేపలే పుస్తకంలోకి వస్తాయి, ఆశపడనివి ఎప్పటికీ రావు.

మూడోది జాగల గుట్టు. మంచి మడుగు పేరు రాస్తే వారం తిరిగేసరికి అక్కడ వల పడుతుందని భయం. కొల్లాపూర్, సోమశిల వెనక నీళ్లలో అలివి వలలు ఏం చేస్తున్నాయో చూసినవాళ్లు ఈ భయాన్ని కొట్టిపారేయరు. దోమతెరంత సన్నటి కన్ను, అందులో వేలెడు పిల్ల కూడా మిగలదు. ప్రభుత్వం 2016-17 నుంచి ఉచితంగా వదులుతున్న చేపపిల్లల్లో పెద్ద జలాశయాలకు వేసేవి 80 నుంచి 100 మిల్లీమీటర్లవి, అవీ అందులోకే పోతాయి. కాబట్టి బయటికి ఇచ్చే లెక్కలో "వాడపల్లి నుంచి మట్టపల్లి" అని పెద్ద ముక్కగా రాసి, అసలు జాగను గుర్తు అక్షరంతో సంఘం దగ్గరే ఉంచుకోవచ్చు. కానీ ఈ భయం పేరుతో అసలేమీ రాయకపోవడాన్ని నేను ఒప్పుకోను. మందు పెట్టి, తోటా పేల్చి చేపలు పట్టడం 1897 మత్స్య చట్టం నాటి నుంచే నేరం. మడుగులో చేపలు తేలిన రోజు ఫిర్యాదు ఇవ్వాలంటే నిన్నటిదాకా అక్కడ ఏమున్నాయో చూపించే కాగితం చేతిలో ఉండాలి.

మిరుగు, కొర్రమట్ట

పుస్తకం పెడితే అందులో తప్పక ఉండాల్సిన కాలం మిరుగు. మృగశిర కార్తె నాడు చేప తినని ఇల్లు మన వైపు అరుదు. సరిగ్గా అప్పుడే తొలకరి నీటికి బొచ్చె, రవ్వ, మెరిగ కడుపులో గుడ్లు నిండుతాయి, కొత్త నీళ్లు రాగానే ఒడ్డు మీదికి పారిన పల్లపు నీళ్లకు ఎక్కుతాయి. పండుగ మానమని ఎవరికీ చెప్పబోవడం లేదు. చంపి వండుకున్న చేప కడుపులో గుడ్లున్నాయా లేవా అని పేజీలో ఒక టిక్కు పెడితే, ఏ వారం నుంచి ఏ వారం దాకా గాలాలు పైకి తీయాలో మన కృష్ణకు సంబంధించిన జవాబు మూడు నాలుగేళ్లలో దొరుకుతుంది. అప్పుడు సంఘం తన నిషేధ కాలాన్ని తనే పెట్టుకోవచ్చు.

కొర్రమట్ట విషయంలో అంతదాకా ఆగనక్కరలేదు. రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నాం. చెరువంచున, ఏటి పక్క కుంటల్లో నీటి మీద ఎర్రటి ముద్ద ఒకటి ఉడుకుతున్నట్టు కదులుతుంటుంది. దగ్గరికెళ్లి చూస్తే వడ్లగింజంత పిల్లలు, వందల్లో, ఒక్కసారిగా పైకొచ్చి గాలి మింగి మళ్లీ కిందికి పోతుంటాయి. వాటి కింద తల్లీ తండ్రీ కావలి ఉంటాయి. ఆ ముద్ద మీదుగా ప్లాస్టిక్ కప్పను లాగితే కావలి చేప ఆకలి లేకపోయినా కోపంతో కొడుతుంది. గాలం వేసేవాళ్లలో దీన్ని నేర్పుగా చెప్పుకునేవాళ్లున్నారు. కావలి పోయిన పిల్లలను పరకలూ జిలేబిలూ కాసేపట్లో ఊడ్చేస్తాయి. సంచికలో ఉన్న కొర్రమట్టల్లో ఎన్ని అట్లా పడ్డాయో తెలియదు, కానీ పిల్లల ముద్ద మీద గాలం వేసినవాళ్ల చేపను ఏ సంఘమూ తన పుస్తకంలో ఎక్కించకూడదు. ముద్ద కనిపించిన చోటు, తేదీ రాసి ముందుకు పోవాలి. ఆ రాత పట్టిన చేపకన్నా ఎక్కువ పనికొస్తుంది.

కొత్తగా వచ్చినవాటిని కూడా వదలకూడదు. నిషేధమున్న ఆఫ్రికా మార్పు చేప (క్యాట్‌ఫిష్), ఒంటినిండా పెంకులతో అక్వేరియం నుంచి తప్పించుకొచ్చిన దయ్యం చేప, ఏ ముక్కలో ఏ నెలలో మొదటిసారి గాలానికి తగిలాయో రాసినవాళ్లు లేకపోతే అవి ఎప్పటినుంచో ఉన్నాయనే రేపటివాళ్లు అనుకుంటారు.

ఫొటో అంచున ఉన్న మనిషి

సంచిక పదమూడో పేజీలో ఒక వాలుగ ఉంది. పట్టినాయన నవ్వుతున్నాడు. ఫొటో ఎడమ అంచున పుట్టి కనిపిస్తుంది, వెదురు అల్లిక మీద నల్లటి తారు పూత. పుట్టిలో ఒక మనిషి చెయ్యి, తెడ్డు, మోకాలు ఉన్నాయి. మొహం ఫొటో బయట తెగిపోయింది. ఎక్కడ వాలుగ ఉందో చూపించింది, అక్కడికి తీసుకెళ్లింది, బహుశా చేపను ఒడ్డుకు లాగినప్పుడు కింద చెయ్యి వేసింది ఆయనే అయి ఉంటాడు. కింద రాసిన రెండు వరసల్లో ఆయన పేరు లేదు.

గంగపుత్రులు, ముదిరాజులు ఈ నీళ్లమీద బతుకుతున్నవాళ్లు. బోణీ కాని రోజు మనకు ఉత్త ఆదివారం, వాళ్ల ఇంట్లో ఆ రాత్రి కూర ఉండదు. ఈ తేడా తెలిసీ వాళ్లను పక్కనపెట్టి ఏటి పుస్తకం మేమే రాస్తామంటే అది అన్యాయం, పైగా పుస్తకం కూడా తప్పుల తడకే అవుతుంది. చదువుకున్న సంఘాలవాళ్లు వచ్చి తమ నీళ్లమీద హక్కు అడుగుతారేమో అని మత్స్య సహకార సంఘాలకు ఉన్న అనుమానం కూడా ఊరికే పుట్టింది కాదు. అందుకే గాలం సంఘం సొంత నీళ్లు కోరకూడదని నా అభిప్రాయం. సహకార సంఘానికి రుసుం కట్టి, వాళ్ల నియమాల కింద గాలం వేయాలి. పుట్టికి ఇచ్చే కూలితో పాటు పేజీలో పుట్టి నడిపినాయన పేరు, ఆయన ఆ వారం వల వేసిన రోజులు, పడని రోజులు ఆయన చెప్పినట్టే రాయాలి. చదువు రానివాళ్లకు చేప బొమ్మల పక్కన గీతలు గీసే పేజీ ఒకటి అచ్చు వేయించడం పెద్ద ఖర్చు కాదు.

పుస్తకాలు రెండు ప్రతులుండాలి. ఒకటి సంఘం దగ్గర, ఒకటి రేవులో సహకార సంఘం గదిలో, పాలిథీను కవరులో, మేకుకు వేలాడుతూ. ఏడాదికోసారి మిరుగుకు ముందు ఇద్దరూ కూర్చుని నెలవారీగా కట్టె గంటలు, చేపలు, సున్నాలు గట్టిగా చదివి వినిపించాలి. మట్టపల్లి పెద్దాయన అడిగింది ఎన్ని దినాలకు అనే కదా. మొదటి ఏడాది చదివింపుకు ఆయన్నే ముందు వరసలో కూర్చోబెట్టాలి.